ఆపరేషన్ ఖాయమైన ఇంటికి: మత్తు డాక్టరును కలిసే రోజు నుంచి గాయం మానేదాకా

గోదావరి డెల్టాలో ఒక ఇంట్లో ఆపరేషన్ ఖాయమైతే మొదట డబ్బు సంగతి, తరువాత మంచిరోజు, ఆ తరువాత తోడు ఎవరు వెళ్ళాలన్న మాట వస్తాయి. సర్జన్ హస్తవాసి ఎలాంటిదో నలుగురినీ వాకబు చేస్తారు. మత్తు ఇచ్చేది ఎవరు, ఆ రాత్రి వార్డులో రోగిని కనిపెట్టుకుని ఉండేది ఎవరు అని మాత్రం అడిగేవారు తక్కువ. మత్తు వైద్యం చేసే మనిషిగా నాకు ఇది ఎప్పుడూ బాధ కలిగించే విషయం. రోగి భద్రతలో పెద్ద భాగం యంత్రాలతో పనిలేనిది: ఉన్నది దాచకుండా చెప్పడం, తెలియనిది అడిగి తెలుసుకోవడం. ఆ రెండూ ఏ దశలో ఎలా చేయాలో వరుసగా రాస్తున్నాను. ఇది ముందుగా తేదీ పెట్టుకుని చేయించుకునే ఆపరేషన్లకు. ప్రాణం మీదికి వచ్చిన సందర్భంలో ఇవన్నీ చూసుకునే వ్యవధి ఉండదు. అప్పుడు కూడా మందుల వివరం, చివరిసారి తిన్న సమయం చెప్పడం మానవద్దు.

ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు

భీమవరం, పాలకొల్లు, తణుకు, అమలాపురం లాంటి ఊళ్ళలో చిన్న నర్సింగ్ హోములు చాలా ఉన్నాయి. వాటిలో చాలా చోట్ల మత్తు డాక్టరు ఆసుపత్రి ఉద్యోగి కాదు. కేసు ఉన్నప్పుడు పిలిస్తే వస్తారు, అది ముగించుకుని ఇంకో ఊరికి వెళ్తారు. కొన్నిసార్లు సర్జన్ కూడా రాజమహేంద్రవరం నుంచో కాకినాడ నుంచో వచ్చి వెళ్ళేవారే. అందులో తప్పేమీ లేదు, మంచి వైద్యులు అలాగే పనిచేస్తున్నారు. అడగవలసింది వారు వెళ్ళిపోయాక సంగతి. రాత్రి రెండు గంటలకు రక్తస్రావం మొదలైతే, ఊపిరి అందకపోతే, ఆసుపత్రిలో డాక్టరు ఎవరుంటారు? సర్జన్ ఎంతసేపట్లో రాగలరు? రక్తం ఎక్కడి నుంచి తెస్తారు? ఐసీయూ లేకపోతే ఎక్కడికి పంపుతారు, అంబులెన్సులో తోడు ఎవరు వెళ్తారు?

ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పే చోట చేయించుకోండి. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు, బాగా ఊబకాయం, పెద్ద వయసు ఉన్నవారు రాత్రంతా డాక్టర్లుండే పెద్ద ఆసుపత్రికి వెళ్ళడమే మేలు. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి లాంటి బోధనాసుపత్రులలో రద్దీ ఎక్కువే, కానీ అన్ని విభాగాల వైద్యులూ ఒకేచోట ఉంటారు. హెర్నియా లాంటి మామూలు ఆపరేషన్ ఆరోగ్యవంతుడికి చేయడానికి అంత దూరం పరుగెత్తనక్కరలేదు.

పూర్తి మత్తు ఇచ్చేచోట రెండు పరికరాలు తప్పనిసరి. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూపే పల్స్ ఆక్సీమీటరు ఒకటి, రోగి వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడు చూపే క్యాప్నోగ్రాఫ్ మరొకటి. మత్తులో ఊపిరి కోసం నోటి నుంచి వేసే గొట్టం శ్వాసనాళంలోకే వెళ్ళిందని గట్టిగా తేల్చి చెప్పేది ఈ రెండోదే. "ఉన్నాయా అండీ?" అని అడగడం అవమానించడం కాదు.

తేదీ పెట్టుకునేటప్పుడు

ముహూర్తం సిజేరియన్ గురించి సూటిగా చెప్తాను. 39 వారాలు నిండకముందు, వైద్యపరమైన కారణమేమీ లేకుండా, నక్షత్రం కోసం బిడ్డను బయటికి తీస్తే ఊపిరి ఇబ్బందులు వచ్చే అవకాశం పెరుగుతుంది. తెల్లవారుజామున మూడింటికి ముహూర్తమంటే సిబ్బంది అతి తక్కువగా, అలసటతో ఉండే వేళ. మంచి ఘడియ కావాలనుకుంటే 39 వారాలు దాటాక, పగటిపూట దొరికేది చూడమని పంతులు గారిని అడగండి. వారికీ అది కష్టం కాదు.

సంక్రాంతి మూడు రోజులూ, వాటికి ఒకటి రెండు రోజుల ముందూ ఆగగలిగిన ఆపరేషన్ పెట్టుకోవద్దు, సిబ్బంది సెలవుల్లో ఉంటారు. లంక గ్రామాలవారు జూలై, ఆగస్టు నెలల గురించి కూడా ఆలోచించాలి. 2022 జూలై వరదలో కోనసీమ లంకలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. కుట్లు విప్పించుకోవలసిన రోజున కాజ్‌వే మునిగిపోతే ఏం చేస్తారు? ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది నీటిమట్టం 11.75 అడుగులకు చేరినప్పుడు. ఆపరేషన్ అయిన మనిషిని అప్పటిదాకా లంకలో ఉంచకుండా, ఎగువన వాన వార్త వినగానే గట్టున ఉన్న బంధువుల ఇంటికి చేర్చండి.

మత్తు డాక్టరును ముందుగానే కలవండి

ఫిట్‌నెస్ కోసం రక్తపరీక్షలు, ఈసీజీ తీసి కాగితం మీద సంతకం చేయించుకోవడంతో ఈ పని అయిపోయిందనుకుంటారు. అది సగమే. మత్తు ఇచ్చే డాక్టరు రోగిని చూడాలి: నోరు ఎంత తెరుచుకుంటుంది, మెడ ఎంత వంగుతుంది, పళ్ళు కదులుతున్నాయా, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా. థియేటర్ బల్ల మీద మొదటిసారి పలకరించుకునే పరిస్థితి రానివ్వకండి. కనీసం ముందు రోజు కలిసే ఏర్పాటు చేయమని ఆసుపత్రిని అడగండి.

ఆ కలయికకు ఒక సంచి తీసుకెళ్ళండి. ఇంట్లో రోగి వాడే మందులన్నీ, డబ్బాలతో, అట్టలతో సహా అందులో వేయండి. "బీపీ బిళ్ళ, తెల్లగా గుండ్రంగా ఉంటుంది" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఆ సంచిలో సాధారణంగా మరచిపోయేవి ఇవి.

ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన పేరు లేని బిళ్ళలు మొదటివి. మోకాళ్ళ నొప్పులకో ఆయాసానికో నెలల తరబడి వేసుకునే పొట్లాలలో స్టెరాయిడ్ ఉండవచ్చు. ఎక్కువకాలం స్టెరాయిడ్ వాడిన శరీరం ఆపరేషన్ ఒత్తిడికి తగినంత హార్మోను సొంతంగా తయారు చేసుకోలేదు, బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. ముందే తెలిస్తే అదనపు మోతాదు ఇచ్చి కాపాడతారు. ఆర్‌ఎంపీని తిడతారేమోనని దాచవద్దు.

రక్తం పలచబరిచే మందులు రెండోవి: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి. క్లోపిడోగ్రెల్‌ను కొన్ని ఆపరేషన్లకు 5 నుంచి 7 రోజుల ముందు ఆపిస్తారు. గుండెలో స్టెంటు ఉన్నవారు మాత్రం ఎవరో చెప్పారని సొంతంగా ఆపితే స్టెంటు మూసుకుపోయే ప్రమాదం ఉంది. గుండె డాక్టరూ, సర్జనూ, మత్తు డాక్టరూ మాట్లాడుకుని తేల్చవలసిన సంగతి ఇది. వారిని మాట్లాడించే బాధ్యత మీరు తీసుకోండి.

ఇక షుగర్ మందులు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అన్న పేర్లు మీ అట్టల మీద ఉంటే తప్పక చూపించండి. వీటిని సాధారణంగా మూడు రోజుల ముందే ఆపిస్తారు, లేకపోతే షుగర్ అంత ఎక్కువగా లేకపోయినా రక్తంలో ఆమ్లం పెరిగే కీటోఅసిడోసిస్ రావచ్చు. బరువు తగ్గడానికీ షుగర్‌కూ వారానికొకసారి తీసుకునే సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి. తిని చాలా గంటలైనా కడుపులో అన్నం ఉండవచ్చు. ఇన్సులిన్ పూర్తిగా మానేయకూడదు, ఆ రోజు ఎంత మోతాదో రాయించుకోండి. థైరాయిడ్, మూర్ఛ మందులను మామూలుగా ఆ ఉదయం కూడా కొద్దిపాటి నీళ్ళతో వేసుకోమంటారు. బీపీ బిళ్ళల్లో కొన్ని వేసుకోవాలి, కొన్ని ఆపాలి. ఏవి ఏవో అట్ట మీదే పెన్నుతో రాయించుకోండి. పసరు మందులు, ఆయుర్వేద చూర్ణాలు కూడా సంచిలో వేయాలి.

మద్యం, కల్లు, చుట్ట గురించి నిజం చెప్పండి. లంక పొగాకు చుట్ట కాల్చే పెద్దాయన పిల్లల ముందు "మానేశాను" అంటారు. అందుకే ఆయనను కాసేపు డాక్టరుతో ఒంటరిగా మాట్లాడనివ్వండి. ఆపరేషన్‌కు నాలుగు వారాల ముందే పొగ మానేస్తే ఊపిరితిత్తులకూ గాయం మానడానికీ మేలు స్పష్టంగా ఉంటుంది. రోజూ తాగే మనిషి హఠాత్తుగా ఆపేస్తే రెండో రోజో మూడో రోజో వణుకు, మతిభ్రమ రావచ్చు. ముందే తెలిస్తే దానికి మందు ఉంది.

ఇంటి చరిత్రలో ఒక్క ప్రశ్న

"మీ ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చాక తేడా చేసిందా?" ఈ ప్రశ్నకు లేదని చెప్పేముందు పెద్దవాళ్ళకు ఫోను చేసి అడగండి. ముఖ్యంగా ఆర్యవైశ్య కుటుంబాలవారు. వాసవీ కన్యకాపరమేశ్వరి వెలసిన పెనుగొండ ఉన్న ప్రాంతం మనది కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. గొట్టం వేయడానికి కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్‌ను రక్తంలోని ఒక ఎంజైమ్ నిమిషాల్లో విడగొట్టేస్తుంది. దాని పేరు స్యూడోకోలినెస్టరేజ్. కొందరిలో అది పుట్టుకతోనే పనిచేయదు. అప్పుడు మందు ప్రభావం గంటల తరబడి ఉండిపోతుంది, రోగి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు. ఈ లోపం ఆర్యవైశ్యుల్లో మిగతావారికంటే ఎక్కువగా కనిపిస్తుందని పరిశోధనల్లో తేలింది. అందరికీ ఉంటుందని కాదు, మామూలు జీవితంలో దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. రక్తపరీక్షతో తెలుస్తుంది. తెలిస్తే ఆ మందు బదులు వేరొకటి వాడతారు, అంతే. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా "ఆపరేషన్ తరువాత వెంటిలేటరు మీద పెట్టి మర్నాడు తీశారు" అన్న కథ ఉంటే అది తప్పక చెప్పవలసిన మాట.

మత్తులో విపరీతమైన జ్వరం వచ్చి ఎవరైనా చనిపోయి ఉంటే అదీ చెప్పాలి. ఏజెన్సీ నుంచి దిగి వచ్చిన కుటుంబాలవారు సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే ఒక రక్తపు జబ్బు) పరీక్ష చేయించుకున్నారో లేదో చెప్పాలి.

సంతకం పెట్టే ముందు

సమ్మతి పత్రం చాలా చోట్ల ఇంగ్లీషులో ఉంటుంది. "ఇక్కడ ఒక సంతకం" అని వేలుపెట్టి చూపిస్తారు. తెలుగులో చెప్పమనండి. ఎందుకు ఈ ఆపరేషన్, వేరే దారి ఉందా, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఏ రకం మత్తు, ఏమేమి జరగవచ్చు? తెలివిలో ఉన్న పెద్దవారు తమ సంతకం తామే పెట్టాలి. భార్య ఆపరేషన్‌కు భర్త సంతకం సరిపోతుందనుకోవడం పొరపాటు. 2008లో సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే కోవలోది: పరీక్ష కోసం ఇచ్చిన సమ్మతి చికిత్సకు సమ్మతి కాదు, ప్రాణాపాయం ఉంటే తప్ప రోగి ఒప్పుకోని అదనపు ఆపరేషన్ చేయకూడదు.

ముందు రాత్రి: ఏం తినాలి, ఎప్పుడు ఆపాలి

మత్తులో దగ్గే శక్తి పోతుంది. కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణాపాయం. అందుకే ఉపవాసం. ప్రపంచంలో ఎక్కువచోట్ల పాటించే లెక్క ఇది: మాంసం, చేపల పులుసు, నూనె వంటకాలు తిన్నాక 8 గంటలు, ఇడ్లీ లాంటి తేలిక ఆహారం లేదా ఆవు, గేదె పాలు తాగాక 6 గంటలు, తల్లిపాలకు 4 గంటలు, మంచినీళ్ళకు 2 గంటలు. మీ డాక్టరు దీనికి తేడాగా చెబితే వారి మాటే వినండి.

మన దగ్గర తరచుగా జరిగే పొరపాటు మజ్జిగ. "ఏమీ తినలేదండీ, కాస్త మజ్జిగ పుచ్చుకున్నాను" అంటారు పొద్దున్నే, ఎంతో నిజాయితీగా. మజ్జిగ పాల లెక్కలోకే వస్తుంది, నీళ్ళ లెక్కలోకి రాదు. గంజి, పాలు కలిపిన కాఫీ, టీ కూడా అంతే. కొబ్బరినీళ్ళు తేటగానే ఉంటాయి కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వాటి జోలికి పోకూడదు, మిగతావారు అడిగి తాగాలి. పొరపాటున ఏదైనా తింటే, తాగితే చెప్పేయండి. ఆపరేషన్ కొన్ని గంటలు వాయిదా పడుతుంది, అంతకంటే నష్టం లేదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మధ్యాహ్నం మూడింటికి ఆపరేషన్ ఉన్న మనిషిని ముందు రాత్రి నుంచి చుక్క నీరు లేకుండా ఎండబెట్టడం మంచిది కాదు. పసిపిల్లలూ ముసలివారూ షుగర్ రోగులూ నీరసించిపోతారు. "మాది ఎన్నో కేసు, ఎన్ని గంటలదాకా నీళ్ళు ఇవ్వవచ్చు?" అని అడిగి ఆ సమయం రాసుకోండి.

రాత్రి సబ్బుతో శుభ్రంగా స్నానం చేయించండి. ఇంట్లో బ్లేడుతో గుండు గీసినట్టు వెంట్రుకలు తీయవద్దు, చర్మానికి పడే సన్నని గాట్లలోనే సూక్ష్మక్రిములు చేరతాయి. తీయవలసి వస్తే ఆసుపత్రిలోనే క్లిప్పరుతో తీస్తారు.

ఆ ఉదయం

కట్టుడు పళ్ళు, కళ్ళద్దాలు, కాంటాక్ట్ లెన్సులు తీసి ఇంట్లోవారి చేతికివ్వాలి. కరెంటుతో రక్తనాళాలను మూసే పరికరం వాడతారు కాబట్టి ఒంటి మీద లోహం ఉండకూడదు. మంగళసూత్రం తీయడానికి చాలామంది తల్లులు కన్నీళ్ళు పెట్టుకుంటారు. పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుని వస్తే ఎవరూ అభ్యంతరం చెప్పరు. ముందు రోజే సిద్ధం చేసుకోండి. మెట్టెలు బిగుసుకుపోయి ఉంటే సబ్బునీళ్ళతో ఇంట్లోనే తీయండి. వెండి మొలతాడు కూడా. గోళ్ళ రంగు తుడిచేయండి. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోవాలనిపిస్తే ఒక చేతి వేళ్ళయినా వదిలేయండి, ముదురు రంగు ఆక్సీమీటరు వెలుగుకు అడ్డం రావచ్చు.

థియేటర్ లోపల మూడు ఆగుళ్ళు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల శస్త్రచికిత్స భద్రతా జాబితా ఒకటి విడుదల చేసింది. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని వాడి చూసి, 2009 జనవరిలో ఫలితాలు ప్రకటించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికీ, పెద్ద చిక్కులు 11 శాతం నుంచి 7 శాతానికీ తగ్గాయి. కొత్త మందు కాదు, కొత్త యంత్రం కాదు. చేస్తున్న పనిని మూడుసార్లు ఆపి, పైకి మాట్లాడుకోవడం.

మొదటి ఆగుడు మత్తుకు ముందు. నర్సు అడుగుతుంది: "పెద్దమ్మ గారూ, మీ పేరు చెప్పండి. ఏ కాలికి ఆపరేషన్?" రోగి స్వయంగా చెప్పాలి. "మీరు సత్యవతమ్మే కదా?" అని అడిగితే భయంలో ఉన్న మనిషి దేనికైనా తల ఊపుతుంది, అందుకే పేరును రోగి నోటి నుంచే రప్పించాలి. ఏ వైపో చర్మం మీద ముందే గుర్తు పెట్టి ఉండాలి. మందులు పడకపోవడం, గొట్టం వేయడంలో ఇబ్బంది, ఎక్కువ రక్తం పోయే అవకాశం ఈ దశలోనే చూస్తారు.

రెండోది కోతకు ముందు. గదిలో ఉన్నవారందరూ చేతులు ఆపుతారు. రోగి పేరు, ఆపరేషన్ పేరు, ఏ వైపు అన్నది ఒకరు పైకి చెప్తారు. యాంటీబయోటిక్ గడిచిన గంటలోపు ఇచ్చారా? ఎక్స్‌రే గోడ మీద ఉందా? ఈ కేసులో సర్జన్‌కు ఉన్న భయమేమిటి, మత్తు డాక్టరుకు ఉన్న భయమేమిటి? ఒక్క నిమిషం పడుతుంది. కొత్తగా చేరిన నర్సు కూడా "డాక్టరు గారూ, గుర్తు ఎడమ కాలికి ఉందండీ" అని చెప్పగలిగే ధైర్యం వచ్చేది ఈ నిమిషంలోనే. పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదన్న మన పెంపకాన్ని దాటి ఆ అమ్మాయి నోరు విప్పాలంటే, సర్జన్ ముందుగా అడగాలి.

మూడోది రోగి గది దాటేముందు. గాజుగుడ్డలు, సూదులు, పరికరాలు లెక్క సరిపోయాయా? తీసిన ముక్క మీద సరైన పేరు రాశారా? రాత్రికి ఏమేమి చూసుకోవాలి?

మీరు లోపల ఉండరు. ముందు రోజు ఒక్క మాట అడగగలరు: "మీ థియేటర్‌లో ఈ జాబితా చదువుతారా అండీ?" కేసు ముగిశాక అన్ని గడులకూ ఒకేసారి టిక్కులు కొట్టిన కాగితం ఎవరినీ కాపాడదు. అడిగే కుటుంబాలు ఎక్కువైతే చదివే థియేటర్లూ ఎక్కువవుతాయి.

నడుము మత్తు అయితే మీరు మెలకువగానే ఉంటారు. మానిటరు కూత వినిపిస్తుంది. ఆక్సిజన్ తగ్గితే ఆ కూత స్థాయి కూడా దిగుతుంది, అందుకే మత్తు డాక్టరు తల తిప్పకుండానే తేడా పసిగడతారు. ఊపిరి ఆడనట్టు, వికారంగా, చేతులు తిమ్మిరెక్కినట్టు ఉంటే వెంటనే చెప్పండి. మొహమాటం వద్దు.

వార్డుకు తెచ్చాక మొదటి రాత్రి

కనిపెట్టుకునే మనిషి ఒకరు మెలకువగా ఉండాలి, వంతులు వేసుకోండి. గట్టిగా గురక పెడుతూ పిలిచినా పలకకపోతే హాయిగా నిద్రపోతున్నారని అనుకోవద్దు. నొప్పి మందు ఎక్కువై ఊపిరి తగ్గుతూ ఉండవచ్చు, నర్సును పిలవండి. పెదాలు నీలంగా మారడం, కట్టు రక్తంతో తడిసిపోవడం, చెమటలు పట్టి నాడి వేగంగా కొట్టుకోవడం, ఆరు నుంచి ఎనిమిది గంటలైనా మూత్రం రాకపోవడం కూడా పిలవవలసిన గుర్తులే.

నడుము మత్తు తరువాత వణుకు వస్తే దుప్పటి కప్పండి. వేడినీళ్ళ సంచి మాత్రం మొద్దుబారిన కాళ్ళ దగ్గర పెట్టవద్దు, కాలినా రోగికి తెలియదు. తలగడ లేకుండా పడుకుంటే తలనొప్పి రాదన్నది పాత నమ్మకం. లేచి కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి వస్తే చెప్పండి, దానికి చికిత్స ఉంది.

చూడ్డానికి వచ్చే బంధువుల ప్రేమను కాదనలేం. ఒక్కొక్కరుగా రమ్మనండి, చేతులు కడుక్కుని రమ్మనండి, మంచం మీద కూర్చోవద్దనండి.

ఇంటికి వెళ్ళాక

"పప్పు తింటే చీము పడుతుంది" అన్న మాట మన ఇళ్ళలో ఇంకా నడుస్తోంది. చీము పట్టించేది సూక్ష్మక్రిములు, కందిపప్పు కాదు. గాయం పూడడానికి మాంసకృత్తులు కావాలి: పప్పు, గుడ్లు, పాలు, చేపలు. కారం అన్నం, చారు మెతుకులతో రెండు వారాలు పథ్యం పెడితే మనిషి చిక్కిపోతాడు, గాయం మానడం ఆలస్యమవుతుంది. పేగుల ఆపరేషన్ అయితే ఎప్పుడు, ఏది మొదలుపెట్టాలో సర్జన్ చెప్పినట్టే వినండి.

మంచానికి కట్టేసినట్టు పడుకోబెట్టవద్దు. డాక్టరు లేవమన్న రోజే లేపి నడిపించండి, లేకపోతే కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టవచ్చు. ఒక కాలు మాత్రమే వాచి నొప్పెడితే, హఠాత్తుగా ఆయాసం వస్తే ఆలస్యం చేయక 108కి ఫోను చేయండి.

గాయం మీద పసుపు, కొబ్బరినూనె, బూడిద రాయవద్దు. పూర్తిగా మానేదాకా కాలువలో, గోదావరి రేవులో మునగవద్దు. 2027 పుష్కరాల వేళ ఆపరేషన్ అయినవారు నీళ్ళు తల మీద చల్లుకుంటే చాలు. గాయం ఎర్రబడి వేడిగా ఉన్నా, చీము కారినా, జ్వరం వచ్చినా ఊళ్ళో ఇంజెక్షన్ వేయించుకుని సరిపెట్టకండి, ఆపరేషన్ చేసిన చోటుకే వెళ్ళండి. గాయం చెడడం మొదటి వారంలోనే జరగాలని లేదు, 30 రోజులదాకా కనిపెట్టి ఉండాలి. లోపల రాడ్డు, జాలీ, కృత్రిమ కీలు పెట్టి ఉంటే ఇంకా ఎక్కువకాలం.

డిశ్చార్జి సమ్మరీలో ఏ మత్తు ఇచ్చారో, ఏ మందు పడలేదో, రక్తం ఎక్కించారో లేదో రాయించుకోండి. రికార్డుల నకళ్ళు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల వృత్తి నియమావళి, 2002 చెబుతోంది. అవి రేషన్ కార్డు పెట్టే చోటే పెట్టి, ఫోనులో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరికి పంపండి. మత్తు వల్ల తేడా జరిగి ఉంటే ఆ మందు పేరు ఒక చీటీ మీద రాసి రోగి పర్సులో ఉంచండి, తోబుట్టువులకూ పిల్లలకూ చెప్పండి.